హల్లెలూయా అయ్యాక లేవొద్దు

బుజ్జమ్మా,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఫ్రెండ్స్‌తో మద్రాసు పోతుందంట, ఏదో ఇంగ్లీషు పాటకచేరీ అంట, రాత్రి ఎప్పుడవుతుందో ఏమో, నువ్వైనా కాస్త చెప్పన్నా" అంది. వద్దని చెప్పమనే ఆమె ఉద్దేశం. అది హాండెల్ అనే ఆయన కట్టిన మెస్సయ్య, వాద్యాలతో బృందంగా పాడే పెద్ద భక్తి సంగీతం, అని తెలిశాక నేను వద్దని ఎలా చెప్పను? మన ఇంట్లో నా తర్వాత ఇన్నేళ్ళకు ఒకరు దాన్ని వినడానికి నూటనలభై కిలోమీటర్లు పోతున్నారంటే నాకు ఎంత సంతోషంగా ఉందో, అంత భయంగానూ ఉంది. భయం మీ అమ్మకున్నది కాదు, నాది వేరు. అది చివర్లో చెప్తాను.

ముందు మామూలు సంగతులు. నలుగురికీ టికెట్లు ఒకే వరసలో తీసుకోండి. ఫోన్లు పూర్తిగా ఆఫ్ చేసేయండి, వైబ్రేషన్‌లో పెట్టినా ఆ నిశ్శబ్దంలో గుర్రుమని వినిపిస్తుంది. ముందే కడుపునిండా తినండి, పూర్తిగా పాడితే రెండున్నర గంటలు. ఏసీ చలికి శాలువా పెట్టుకో. అరగంట ముందే సీట్లో ఉండండి, ఆలస్యమైతే మధ్యలో ఆపేదాకా లోపలికి రానివ్వరు. పెద్ద బ్యాగులు మాత్రం వద్దు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో దీన్ని మొదటిసారి పాడినప్పుడు, ఇంకొంతమందికి చోటు దొరుకుతుందని, పంజరాల్లాంటి పావడాలు వేసుకుని రావద్దని ఆడవాళ్ళకీ, నడుముకు కత్తులు పెట్టుకుని రావద్దని మగవాళ్ళకీ ముందే చెప్పారట. మీరు నాలుగు బ్యాక్‌ప్యాకులు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంటే పక్కవాళ్ళు ఎలా నడుస్తారు?

నువ్వు మన తిరుపతి మహతి హాల్లో కచేరీలు విని పెరిగినదానివి, ఇక్కడ కొన్ని తేడాలున్నాయి. తొడమీద తాళం వేయడం, తల ఊపి భేష్ అనడం ఇక్కడ కుదరదు, తాళం లోపల్లోపలే వేసుకో. వాద్యాలవాళ్ళు వచ్చి కూర్చున్నాక ఒబో అని సన్నగా ఉండే ఊదే వాద్యం ఒకటే స్వరం పట్టుకుంటుంది, మిగతావాళ్ళందరూ దానికి కలుపుకుంటారు. చాలామంది అప్పటికి ఇంకా కబుర్లలో ఉంటారు. నువ్వు మాత్రం విను, మన తంబూరా దగ్గర శ్రుతి కలుపుకునేటప్పుడు ఒళ్ళు ఎలా సర్దుకుంటుందో అలాగే ఉంటుంది. ఇక పాడేవాళ్ళు. మన గోష్ఠిగానంలో ఎంతమంది ఉన్నా అందరిదీ ఒకే వరస కదా, ఇక్కడ ఆడవాళ్ళలో పైగొంతు, కిందిగొంతు, మగవాళ్ళలో పైగొంతు, కిందిగొంతు, నాలుగూ నాలుగు దారుల్లో పోతుంటాయి. అన్నీ ఒకేసారి వినాలని చూస్తే మొదట్లో గందరగోళంగా ఉంటుంది. ఒక గొంతు పట్టుకుని దాని వెంటే పో. నేనైతే ఎప్పుడూ మగవాళ్ళ కిందిగొంతు పట్టుకుంటాను.

మెస్సయ్య ఏసు ప్రభువు కథ, మాటలన్నీ బైబిల్లోవే. మన గుళ్ళో ఎంత భక్తిగా కూర్చుంటావో అక్కడా అలాగే కూర్చో. హాండెల్ యాభై ఆరేళ్ళ వయసులో ఇరవై నాలుగు రోజుల్లో రాశాడు అంతా, 1741లో. జర్మనీలో పుట్టి, లండన్‌లో స్థిరపడి, ఇంగ్లీషు మాటలకు కట్టాడు.

మొత్తం మూడు భాగాలు, రెండో భాగం చివర్లో హల్లెలూయా అనే బృందగీతం వస్తుంది. అది నీకు తెలిసిందే. అప్పుడు అందరూ లేచి నిలబడతారు. లండన్‌లో రాజు లేచాడని, ఆయన లేచాడని అందరూ లేచారని ఒక కథ చెప్తారు, దానికి గట్టి ఆధారమేమీ లేదు గానీ అలవాటు మాత్రం నిలిచిపోయింది. నువ్వూ లే. కానీ బుజ్జమ్మా, అది అయ్యాక కూర్చో. నీకు ఈ ఉత్తరం రాస్తున్నదే ఈ ఒక్క మాట కోసం.

1994 డిసెంబరు మొదటివారం. నేను మద్రాసులో ఉద్యోగం చేస్తూ ఒక చిత్తూరు స్నేహితుడితో కలిసి ఒకే గదిలో ఉండేవాణ్ణి. వాడిది భారీ గొంతు, మాట్లాడితేనే కిటికీ రెక్కలు అదిరేవి. ఆదివారాలు ఒక క్వయర్‌లో, అంటే పాటల బృందంలో, పాడేవాడు. ఆ ఏడాది మెస్సయ్యలో వాడికి ఒక సోలో, ఒక్కడే పాడే పాట, ఇచ్చారు, మూడో భాగంలో ట్రంపెట్‌తో కలిసి కిందిగొంతు పాడేది. గదిలో సాధన చెయ్యాలంటే ట్రంపెట్ ఎవరు వాయిస్తారు? నా దగ్గర వయొలిన్ ఉంది. వాళ్ళ పాశ్చాత్య రాత నాకు చదవడం రాదు. వాడు ఒక్కో ముక్క నోటితో పాడితే నేను సరిగమల్లో వందపేజీల నోటుబుక్కులో రాసుకున్నాను, అంతా శంకరాభరణం స్వరాలే. రెండు నెలలు, రోజూ రాత్రి అన్నాలయ్యాక నేను చాపమీద మఠం వేసుకుని వయొలిన్ కొన పాదం మీద ఆనించి దాని మీదే ట్రంపెట్ వంతు వాయించేవాణ్ణి, వాడు గోడకు ఆనుకుని పాడేవాడు. శ్వాస ఎక్కడ తీసుకోవాలో ఆ పుస్తకంలో ఎర్ర పెన్నుతో చిన్న చిన్న గీతలు పెట్టుకున్నాడు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

కచేరీ శనివారం సాయంత్రం. మరుసటిరోజు పొద్దున తిరుపతిలో మీ అమ్మ పెళ్ళిచూపులు. ధనుర్మాసం వచ్చేలోపు చూపులు అయిపోవాలని మీ తాతయ్య పట్టుబట్టాడు. "అన్న లేకుండా ఆడపిల్లను చూపిస్తే ఏం బాగుంటుంది, రాత్రికే బయల్దేరి వచ్చెయ్" అని కబురు పెట్టాడు. ప్యారిస్ కార్నర్ దగ్గర బస్సు తొమ్మిదిన్నరకు. కచేరీ జరుగుతున్నంతసేపూ నా చూపు స్టేజీ మీద కంటే వాచీ మీదే ఎక్కువ ఉంది. హల్లెలూయాకు హాలంతా లేచింది. ఇప్పుడు పోతే ఎవరికీ అడ్డం ఉండదు కదా అనిపించింది. వాడి పాట ఇంకా రాలేదని నాకు తెలుసు. తెలిసే లేచాను. రోజూ గదిలో వింటున్నదే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

గదిలో విన్నది అది కాదు తల్లీ. గదిలో విన్నది నా వయొలిన్, వాడి గొంతు, పక్కింటి రేడియో. అసలు ట్రంపెట్ లేచి వాడి గొంతుకు జవాబు చెప్పడం, వెనకాల అన్ని వయొలిన్లు, అంత పెద్ద హాలు, అది నేను వినలేదు. బంగారు వాకిలి దాకా పోయి, ఇంట్లో పటం ఉంది కదా అని వెనక్కి తిరిగి వచ్చేశాను.

పరుగున పోయి బస్సెక్కితే జనం నిండాలని అరగంటకు పైగా అక్కడే ఆపాడు. ఊత్తుకోట దాటేదాకా నాకు ఏమీ అనిపించలేదు. నాగలాపురం దగ్గర చలిగాలి తగిలి మెలకువ వచ్చింది, అప్పుడు వాడు పాడేసి ఉంటాడని గుర్తొచ్చింది. పెళ్ళిచూపులవాళ్ళు పొద్దున ఎనిమిదికి వస్తామని పదకొండుకు వచ్చారు. తెల్లవారుజాము బస్సుకు వచ్చినా సరిపోయేది.

సోమవారం గదికి పోతే వాడు మొట్టమొదట అడిగింది, "చెల్లెలి చూపులు బాగా జరిగాయా?" అని. ఆ తర్వాత చాలాసేపటికి, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, అటు తిరిగే, "పాట అయ్యాక నీవైపు చూశాను రా" అన్నాడు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తర్వాతి ఏడాది వాడికి బదిలీ అయింది, క్వయర్ మానేశాడు. కొన్నేళ్ళకు నేను క్యాసెట్ కొని వాచీ పెట్టుకుని విన్నాను. హల్లెలూయా అయ్యాక ఒక ఆడగొంతు సోలో, ఒక చిన్న బృందగీతం, ఆ తర్వాత వచ్చేసేది వాడి పాట. మధ్యలో విరామం లేకపోతే పది నిమిషాలు, అంతే.

అందుకే నీకు చెప్తున్నాను, ఆ రాత్రికే తిరిగి రావాలనే ఆలోచన పెట్టుకోకండి. మీ అమ్మ ఎంత గొడవచేసినా సరే, ఆమెతో నేను మాట్లాడతాను. పెరంబూరులో పిన్ని ఇంట్లో నలుగురూ పడుకోండి, నేను ఫోన్ చేసి చెప్పేశాను, మీ కోసం రాత్రికి పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ తీసిపెడుతుంది. పొద్దున లేచి మాధవరం బస్టాండుకు పోతే తిరుపతి బస్సులు ఎన్నో. మీలో ఎవరైనా "పదవే, ట్రాఫిక్ ఎక్కువవుతుంది" అంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు. ఒకరు లేస్తే నలుగురూ లేస్తారు. మీ వయసులో స్నేహాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు, ఆ పిల్ల అలిగినా రెండు రోజులకు మామూలైపోతుంది.

చివర్లో ఆమెన్ అనే ఒక్క మాటను నాలుగు గొంతులూ పంచుకుని చాలాసేపు పాడతారు. అది అయ్యాక కూడా ముందు నిలబడి చేతులతో నడిపించే ఆయన చేతులు దించేదాకా చప్పట్లు కొట్టొద్దు.

ఖర్చులకు రెండువేలు ఫోన్‌పే చేశాను, మీ అమ్మకు చెప్పకు. అక్కడ ఇచ్చే ప్రోగ్రాం కాగితం మడత పెట్టకుండా రెండు తీసుకురా. ఒకటి నాకు, ఇంకొకటి చిత్తూరుకు పంపాలి.

మీ పెద్దమామ