కొండ మీద కెమెరా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద కంటికి పాలసముద్రంలా ఉన్న మేఘాలు ఫొటోల్లో బూడిద రంగులో వచ్చాయి. ఎండ వచ్చాక తీసినవాటిలో ఆకాశం తెల్లగా పాలిపోయింది. కెమెరాలో లోపమా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: కెమెరా బాగానే ఉందండీ. ఎదురుగా ఏది ఉన్నా, కెమెరాలో వెలుగు కొలిచే మీటరు దాన్ని మధ్యస్థ బూడిద రంగు కిందే లెక్క కడుతుంది. ఫ్రేము నిండా తెల్లటి మంచు కనబడేసరికి వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. అందుకే సూర్యుడు రాకముందు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకు మనం వెలుగు కలిపే, తగ్గించే సెట్టింగు) +0.7 నుంచి +1 దాకా పెంచండి. సూర్యుడు ఫ్రేములోకి రాగానే సున్నాకి తెచ్చి, అక్కణ్నుంచి –1 వైపు దించుతూ పోండి. ఎంత దించాలో తెర మీద బొమ్మ చూసి తేల్చుకోవద్దు. చీకట్లో తెర ఎప్పుడూ ఉన్నదానికంటే వెలుగ్గానే కనిపిస్తుంది. వెలుగు ఎక్కువై వివరం పోయిన చోట తెర మీద మిణుకుమనే హైలైట్ హెచ్చరిక ఆన్ చేసుకోండి. సూర్యబింబం మిణుకుమన్నా ఫరవాలేదు, దాని పక్క మేఘం కూడా మిణుకుమంటే ఇంకా తగ్గించాలి. రా ఫైల్‌గా (సెన్సారు పట్టిన సమాచారాన్ని కుదించకుండా దాచే రకం) తీస్తే నల్లబడ్డ కొండల్ని తర్వాత కొంతవరకు వెలికి తేవచ్చు. తెల్లగా పోయిన మేఘాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. రంగుల ఛాయను సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే వేకువ నీలాన్నీ, ఆపై నారింజ రంగునీ అదే సరిదిద్ది చప్పగా చేస్తుంది. డేలైట్‌లో పెట్టండి.

ఇంకో మాట. డిసెంబరు చివర్లో అక్కడ సూర్యోదయం ఆరున్నరకు కాస్త ముందు. రంగులు అంతకు అరగంట ముందే మొదలవుతాయి. ఐదున్నరకల్లా పైన ట్రైపాడ్ వేసి ఉండాలి. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున రాడు, దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి వస్తాడు. ఫోన్‌లో దిక్సూచి చూసుకుని, ఆ వైపున్న చెట్టునో బండనో చీకట్లోనే ఎంచుకోండి. ఒట్టి మేఘాలే ఉంటే అవెంత విశాలమో చూసేవాళ్లకు తెలియదు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకపోతేనే లోయలో మంచు బాగా పేరుకుంటుంది. మబ్బు కమ్మిన రాత్రి నేల సరిగా చల్లారదు. అలాంటప్పుడు మూడింటికి లేచి ఎక్కడం దండగే.

ప్రశ్న: మొదటిసారి కొండెక్కుతున్నాను. ఏ లెన్సులు మోయాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కెమెరాతో పాటే వచ్చే 18-55 మి.మీ. కిట్ లెన్సు, 55-250 మి.మీ. జూమ్ ఉంటే చాలు. ఒకటే తీసుకెళ్లాలంటే మా ఓటు రెండోదానికే. కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి పేర్చినట్టు రావాలంటే 100 మి.మీ. పైన తీయాలి. 18 దగ్గర అవన్నీ సన్నటి గీతలైపోతాయి. ఎఫ్ 8 (లెన్సు ద్వారం కొలత), ఐఎస్ఓ 100 (వెలుగుకు స్పందించే స్థాయి), రెండు సెకన్ల టైమరు పెట్టుకోండి. కిలోన్నర లోపు ట్రైపాడ్ సరిపోతుంది గానీ, దాని నడిమి కడ్డీ పైకి లేపొద్దు. గాలికి మొదట ఊగేది అదే. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్ ఆపేయండి. అదనపు బ్యాటరీని సంచిలో కాకుండా చొక్కా లోపలి జేబులో ఉంచుకోండి, చలికి తొందరగా దిగిపోకుండా ఉంటుంది.

ప్రశ్న: వానాకాలంలో వికారాబాద్ అనంతగిరికి వెళితే, కారు దిగగానే లెన్సు మసకబారింది. తుడిచినా మళ్లీ అంతే.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పు ఏసీది. చల్లబడ్డ గాజుకి బయటి తేమ గాలి తగలగానే నీరు పడుతుంది. గాజు వేడెక్కేదాకా ఎన్నిసార్లు తుడిచినా తిరిగి పడుతూనే ఉంటుంది. చేరడానికి అరగంట ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి. మరిచిపోతే కెమెరాని సంచిలోంచి తీయకుండా అరగంట ఆగండి. ఆ తొందరలో లెన్సు మాత్రం మార్చొద్దు, తేమ సెన్సారు మీదికి చేరుతుంది. నోటితో ఊదడం అసలే వద్దు.

చలికాలపు వేకువ సంగతి వేరు. ఆరుబయట గాజు గాలికంటే చల్లబడి మంచు పడుతుంది. షాట్ల మధ్య మూత పెట్టి ఉంచండి. చేతులు కాచుకునే వెచ్చటి ప్యాకెట్ ఒకటి రబ్బరు బ్యాండుతో లెన్సు ముందుభాగానికి చుడితే ఇంకా మంచిది.

ప్రశ్న: ఫోన్‌తో తీస్తే సూర్యుడు తెల్లటి ముద్దలా వస్తున్నాడు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సూర్యుడి పక్కనున్న మేఘం మీద వేలు నొక్కి పట్టి లాక్ చేయండి, తర్వాత వెలుగు గీతను కిందికి లాగండి. అంతకుముందు లెన్సు తుడవండి. ముద్దకు సగం కారణం వేలిముద్రల జిడ్డే. జూమ్‌కి ఫోన్‌లో విడిగా ఉన్న 2x, 3x లెన్సులే వాడండి, వేళ్లతో సాగదీస్తే ఆకులన్నీ అలికినట్టవుతాయి.

ప్రశ్న: లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టరు కొనాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వానకు తడిసిన ఆకులు, బండల మెరుపు తగ్గించాలంటే కొనండి. పొగమంచుకీ సూర్యోదయానికీ దాంతో పని లేదు. పైగా ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమైనట్టు).