270 విన్‌చెస్టర్ బ్రాస్ దొరకనప్పుడు 30-06, 280 షెల్లుతో చేసుకోవచ్చా?

కడప నుంచి వెళ్లి టెక్సాస్‌లో ఉంటున్న అన్న అడిగిన ప్రశ్న ఇది: 270 రైఫిల్‌కు బ్రాస్ (మళ్లీ నింపి వాడుకునే ఇత్తడి ఖాళీ షెల్లు) ఎక్కడా స్టాక్ లేదు, 30-06 ఖాళీ షెల్లు సంచెడు ఉన్నాయి, 280 రెమింగ్టన్‌వి కొన్ని ఉన్నాయి (ఇవన్నీ తూటా రకాల పేర్లు), ఏవి వాడాలి? పొడవు తక్కువైతే ప్రమాదమా?

రెండూ పనికొస్తాయన్నా. 280 ఉన్నంతవరకు అవే వాడండి, తర్వాత 30-06. పొడవు గురించి భయం వద్దు. ప్రాణం మీదికి తెచ్చేది మెడ (బుల్లెట్‌ను పట్టుకునే షెల్లు పై భాగం) మందం, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

ముందు పొడవు సంగతి. 270 షెల్లు గరిష్ఠ పొడవు 2.540 అంగుళాలు, 30-06ది 2.494. విన్‌చెస్టర్ 1925లో 270ని తెచ్చినప్పుడు దానికి మూలం 1903 నాటి 30-03 షెల్లు. 1906లో సైన్యం దాని మెడ కురచ చేసి 30-06గా మార్చింది. అందుకే 30-06 నుంచి చేసిన 270 మెడ సుమారు 0.05 అంగుళం కురచగా వస్తుంది. అయినా మిగిలే మెడ బుల్లెట్ వ్యాసం కంటే ఎక్కువే, పట్టు చాలుతుంది. ట్రిమ్ చేసే పని కూడా ఉండదు, నోరు సమంగా లేకపోతే కొద్దిగా సరిచేస్తే చాలు. బుల్లెట్ మీది గాడి దాకా షెల్లు నోరు రాకపోవచ్చు. దాన్ని అందుకోవాలని బుల్లెట్‌ను లోపలికి దించకండి, ప్రెషర్ పెరుగుతుంది. క్రింప్ (షెల్లు నోటిని బుల్లెట్ గాడిలోకి నొక్కడం) వదిలేయండి.

280 రెమింగ్టన్ పొడవు 2.540, అంటే సరిగ్గా సరిపోతుంది. కానీ దాని భుజం (మెడ కింద ఏటవాలుగా వెడల్పయ్యే చోటు) 270 కంటే సుమారు 0.050 అంగుళం ముందుకు ఉంటుంది. డైని (షెల్లును నొక్కి ఆకారం మార్చే అచ్చు) పూర్తిగా దించకపోతే భుజం వెనక్కి రాదు, రైఫిల్ బోల్ట్ (తూటా వెనక మూసే భాగం) మూసుకోదు. షెల్లు అడుగున 7 ఎంఎం ఎక్స్‌ప్రెస్ రెమింగ్టన్ అని ఉన్నా అది 280నే. 25-06 కూడా ఇదే కుటుంబం, మెడ పెద్దది చేస్తే సరిపోతుంది. 243, 308 లాంటివి పొట్టివి, వాటితో 270 రాదు. 270 డబ్ల్యూఎస్‌ఎమ్, 270 వెదర్‌బీ పేరులో మాత్రమే దగ్గర.

ఏరుకునేటప్పుడు అడుగు ముద్ర ఒకటే ఉన్నవి, వీలైతే ఒకే రైఫిల్‌లో పేలినవి ఒక గుట్టగా పెట్టండి. గారండ్ లాంటి సెమీ ఆటోమేటిక్‌లో పేలినవి సాగి ఉంటాయి. సన్న తీగ కొనను వంచి లోపల అడుగుకు అర అంగుళం పైన గీకి చూడండి, గాడి తగిలితే పారేయండి. అక్కడే షెల్లు రెండుగా తెగుతుంది. మిలిటరీ షెల్లయితే ప్రైమర్ (అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత) చుట్టూ నొక్కిన అంచును, అంటే అక్కడి క్రింప్‌ను, తీయాలి. స్టీలువి, బెర్డాన్ ప్రైమర్‌వి (లోపల అడుగున రెండు చిన్న రంధ్రాలు కనిపించేవి) వద్దు.

మొదట 5 షెల్లు మాత్రమే చేయండి. శుభ్రం చేసి ఒంటికి పల్చగా మైనం, మెడ లోపల అంతకంటే పల్చగా. భుజం మీద మైనం మిగిలితే సొట్ట పడుతుంది. 270 ఫుల్ లెంగ్త్ డైతో నిదానంగా ఒక్క దెబ్బలో దించండి. ఎక్కడైనా బిగిస్తే బలవంతం చేయకుండా వెనక్కి లాగి మళ్లీ మైనం రాయండి. 30-06 భుజం 270 భుజం ఉన్న చోటే ఉంటుంది కాబట్టి డైని కొంచెం పైనుంచి మొదలుపెట్టి, బోల్ట్ స్వల్పమైన బిగుతుతో మూసుకునే దాకా దించుతూ రండి. అంతకన్నా దించితే షెల్లు సాగి ఆయుష్షు తగ్గుతుంది.

ఇప్పుడు మెడ. పెద్ద మెడను చిన్నది చేస్తే ఇత్తడి ఎక్కడికీ పోదు, గోడ మందమవుతుంది. మందం ఎక్కువైతే పేలినప్పుడు మెడ విప్పారడానికి ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) చోటుండదు, బుల్లెట్‌ను వదలదు, ప్రెషర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ప్రైమర్, పౌడర్ లేకుండా ఒక షెల్లులో బుల్లెట్ కూర్చోబెట్టి మెడ బయటి వ్యాసం కొలవండి. గరిష్ఠం 0.308 అంగుళం. మీ రైఫిల్‌లోనే పేలిన అసలు 270 షెల్లు మెడ కూడా కొలవండి, కొత్తది దానికంటే కనీసం 0.003 తక్కువ ఉండాలి. లేకపోతే మెడను టర్నింగ్ టూల్‌తో చెక్కాలి, లేదా ఆ గుట్టనే వదిలేయాలి. ఒక రౌండు పేలాక ఆ ఖాళీ మెడలో కొత్త బుల్లెట్ చేత్తో వదిలితే జారిపోవాలి. తగులుకుంటే అక్కడితో ఆపండి.

మెడ ఇలా మారినప్పుడు ఇత్తడి గట్టిపడి రెండు మూడు లోడ్లకే చీలుతుంది, అందుకే అనీలింగ్ (వేడిచేసి ఇత్తడిని మెత్తబరచడం) చేయండి. మెడ లోపల 750 ఫారెన్‌హీట్ సూచక రంగు పూసి, షెల్లును డ్రిల్లుకు పెట్టిన సాకెట్‌లో తిప్పుతూ మంట మెడ, భుజం మీద మాత్రమే పడనివ్వాలి. రంగు కరగగానే తీసేయాలి. అడుగు భాగం మెత్తబడిందంటే ఆ షెల్లు ఇక వాడకూడదు.

పౌడర్ పాత కొలతతో వేయకండి. మిలిటరీ షెల్లు గోడలు తరచుగా మందం, లోపల చోటు తక్కువ. పేలిన షెల్లులో నీళ్లు నింపి తూచి మీ పాత 270 షెల్లుతో పోల్చండి. ఎంత తేడా వచ్చినా లోడింగ్ పుస్తకంలోని ప్రారంభ కొలత నుంచే మళ్లీ పైకి రావాలి. రెండు రకాల షెల్లు ఒకే పెట్టెలో కలపొద్దు.

అడుగు ముద్ర 30-06 లేదా 280 అని ఉండి తూటా మాత్రం 270 కావడం చిన్న విషయం కాదు. 270 తూటా 280 రైఫిల్‌లోకి దూరిపోతుంది, భుజం ఆనదు, షెల్లు పగలొచ్చు. అడుగున చెరగని మార్కర్‌తో రంగు పూసి, పెట్టె మీద పెద్దగా రాసి విడిగా పెట్టండి. వేరే రైఫిల్ ఉన్నవాళ్లకు ఇవ్వకండి.

ఇది చదివే కడప, కర్నూలు వాళ్లకు ఒక మాట. ఇక్కడ తూటా తయారీకి 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద వేరే లైసెన్సు కావాలి, తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన చాలదు. దయచేసి ఇంట్లో మొదలుపెట్టకండి. మన 315 బోర్ షెల్లుతో 270 చేయలేమా అని అడిగేవాళ్లూ ఉన్నారు. కుదరదు, అది 8×50 మాన్‌లిషర్ వంశం, అడుగున అంచు ఉన్న షెల్లు.

చివరగా, కురచ మెడ షెల్లు వాడినంతకాలం ఛాంబర్ మెడ చివరి 0.05 అంగుళంలో మసి గట్టిగా పేరుకుంటుంది. అసలు 270 బ్రాస్ దొరికాక దాని పొడవైన నోరు ఆ మసిలో ఇరుక్కుని బుల్లెట్‌ను బిగిస్తుంది. మొదటి రౌండు పెట్టేముందు కార్బన్ సాల్వెంట్ వేసి, నానబెట్టి, ఛాంబర్ మెడను బ్రష్‌తో తోమండి.