రెండేండ్ల పాపతో హన్మకొండ నుంచి సూర్యలంకకు కారులో పోయి టెంట్ వేసుకోవాలంటే

మీ ప్లాన్: హన్మకొండ నుంచి బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్, ఆ తర్వాత వాడరేవు, వీలైతే వైజాగ్. మూడు రోజులు, సొంత కారు, టెంట్, రెండేండ్ల పాప. ఏమేం చూసుకోవాలి, టెంట్ ఎంత సైజుది కొనాలి అని అడిగారు.

అక్కా, ముందు వైజాగ్ తీసేయండి. బాపట్ల నుంచి దాదాపు 400 కిలోమీటర్లుంటది. ఆ వయసు పిల్లలు కొత్త చోట పడుకోవడానికే ఒక రాత్రి పడుతది. రోజుకో చోట టెంట్ వేస్తే పాపకు ఏ రాత్రీ నిద్ర ఉండదు, నిద్ర లేకుంటే తిండి తినదు. రెండు రాత్రులూ సూర్యలంకలోనే ఉండండి. వాడరేవు చీరాల దగ్గరే కాబట్టి పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. సంక్రాంతి దాటినంక ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల భయం, మార్చి దాటితే ఎండ.

వర్ధన్నపేట, తొర్రూరు, మరిపెడ, ఖమ్మం, విజయవాడ, గుంటూరు, పొన్నూరు, బాపట్ల దారిలో పోతే మొత్తం 330 కిలోమీటర్ల పైచిలుకు. తెల్లారుజామున 4 గంటలకు పాపను నిద్రలోనే చైల్డ్ సీట్లో కూర్చోబెట్టి బయలుదేరితే ఖమ్మం దాకా పడుకునే ఉంటది. బండి ఎక్కే ముందు గ్లాసెడు పాలు తాగించకండి, తొర్రూరు రాకముందే కక్కుకుంటది. లేచినంక పొడి ఇడ్లీయో రెండు బిస్కెట్లో చాలు. ఆ తర్వాత ప్రతి రెండు గంటలకు ఇరవై నిమిషాలు ఆపి నడిపించండి. ఒళ్లో కూర్చోబెట్టుకొని పోవద్దు. బండికి గట్టిగా బ్రేకు పడితే ఎంత బలమున్న చేతులైనా పిల్లను పట్టి ఆపలేవు. 14 ఏండ్ల లోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకుంటే చట్టం ప్రకారం 1,000 రూపాయల ఫైన్ కూడా ఉంది.

ఇక టెంట్. మీరు ముగ్గురే అయినా నలుగురు పట్టేది, అంటే సుమారు 7 అడుగులకు 7 అడుగులది తీసుకోండి. ముగ్గురి టెంట్‌లో బ్యాగులు పెట్టినంక పాప దొర్లడానికి జాగా మిగలదు. దాంతో వచ్చే సన్న మేకులు మన ఎర్రమట్టిలో నిలుస్తయి గానీ ఇసుకలో నిలవవు, ఒక్క గాలికే ఊడొస్తయి. ఆరు సిమెంటు సంచులు తీసుకపోండి. సంచిలో సగం ఇసుక నింపి, మూతి కట్టి, నడుమన టెంట్ తాడు బిగించి, అడుగున్నర లోతు గుంతలో అడ్డంగా పూడ్చి పైన తొక్కండి. తాడు నేలకు ఏటవాలుగా ఉండాలి, నిట్టనిలువుగా ఉంటే సంచిని పైకి లాగుతది. నాలుగు మూలలకూ కట్టండి. పగలు సముద్రం వైపు నుంచి వీచే గాలి రాత్రికి నేల వైపు నుంచి తిరగొచ్చు, ఒక్క వైపే కడితే సగం రాత్రి టెంట్ మీద పడుతది.

అలలు వదిలిన చెత్త, గవ్వల గీత ఎక్కడుందో చూసి, దానికి బాగా పైన, సరుగుడు చెట్ల వైపు జరిగి వేయండి. పున్నమి, అమాసలకు పోటు ఎక్కువ, నీళ్లు ఆ గీత దాటి వస్తయి. తలుపు నీళ్ల వైపు పెట్టొద్దు. పిల్ల తెల్లారి మీకన్నా ముందు లేస్తే మొదట పోయేది అటే. రెండు జిప్పులనూ లోపలి నుంచి పైభాగంలో క్లిప్పుతో కలిపి పెట్టండి. ఇసుక పడితే జిప్పు పట్టేస్తది, బలవంతంగా గుంజితే పళ్లు పోతయి. పాత టూత్‌బ్రష్‌తో దులిపి కొవ్వొత్తి రుద్దితే సాఫీగా జారుతది. పైన గాలి కన్నం మూయకండి, మూస్తే మన ఊపిరి తేమే నీళ్లై తెల్లారేసరికి పరుపు తడుపుతది. టెంట్ లోపల పొయ్యి, బొగ్గుల కుంపటి అసలే వద్దు, ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. ఇసుకలో రాత్రి ఉండనిస్తరా లేదా అక్కడి పోలీసులను ముందే అడగండి. కాదంటే ఏదైనా రిసార్ట్ ఆవరణలో జాగా అడగండి, పాపకు బాత్రూం కూడా దొరుకుతది.

నీళ్ల దగ్గర ఒకే సూత్రం: పాప మీ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. ఇద్దరూ చూస్తున్నరంటే ఎవరూ చూడట్లేదన్నట్టే. "ఇప్పుడు నువ్వు చూడు" అని నోటితో చెప్పి మార్చుకోండి. చుట్టూ అలలు విరుగుతుంటే నడుమ ఒక చోట విరగకుండా ప్రశాంతంగా కనిపిస్తది. ఆడించడానికి అదే మంచిదనిపిస్తది గానీ నీళ్లు లోపలికి లాగేది చాలాసార్లు అక్కడే. పాపకు సముద్రం కన్నా ప్లాస్టిక్ టబ్బు మేలు, నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి పక్కనే కూర్చోండి, ఆట అయినంక వెంటనే ఒంపేయండి. ఒడ్డున పడ్డ జెల్లీ చేపను ముట్టనివ్వకండి, చచ్చినా కుడుతది.

ఆట తర్వాత మంచి నీళ్లతో కడగకుంటే ఉప్పు, ఇసుక కలిసి డైపర్ కింద ఒరిసి ఎర్రగా అయితది. తడి ఇసుకను రుద్దొద్దు, ఆరనిచ్చి నూలు గుడ్డతో దులపండి. తాగడానికి 20 లీటర్ల క్యాను ఇంటి నుంచే, కడగడానికి ఇంకొకటి.

తిండికి గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు వేయించి కలిపి ఒక సంచిలో పెట్టుకోండి. నాలుగు గ్లాసుల నీళ్లతో కుక్కర్‌లో మెత్తని కిచిడీ అయితది. పాలు టెట్రా ప్యాక్‌వే మంచివి. సకినాలు, పల్లీలు దారిలో మీరు తినండి గానీ పాపకు ఇవ్వకండి, గొంతులో ఇరుక్కుంటయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద ప్యాకెట్‌కైతే లీటరు) మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. జ్వరం మందు ఎన్ని ఎం.ఎల్. ఇవ్వాలో పాప బరువును బట్టి మీ డాక్టర్‌తో రాయించుకొని సీసా మీదనే అతికించండి.

బయలుదేరే వారం ముందు ఒక రాత్రి మీ డాబా మీద ఇదే టెంట్ వేసి ముగ్గురూ పడుకోండి. రెండు రోజుల ముందు వాతావరణ శాఖ, ఇన్‌కాయిస్ (సముద్రం, అలల సమాచారం చెప్పే కేంద్ర సంస్థ) హెచ్చరికలు చూడండి. అలలు ఎగసిపడతయని ఉంటే ఆ వారానికి మానుకోండి, బుకింగ్ డబ్బులు పోయినా సరే.