పట్టుచీర వద్దు

చిరంజీవి అమ్మాయికి,

బరంపురం నుంచి మాస్టారి ఆశీస్సులు.

విజయవాడ టీవీ వాళ్లు పిలిచారని ఫోనులో చెప్పినప్పుడు నీ గొంతులో సంతోషం కన్నా వణుకే ఎక్కువ వినిపించింది. మొదటి కథల పుస్తకానికి ఇంత బేగి పిలుపు రావడం మంచిదే. వణుకు సంగతి వదిలెయ్యి, కుర్చీలో కూర్చున్నాక కాసేపటికి అదే పోతుంది. చీర గురించి మాత్రం చెప్పాలి.

మీ అమ్మ బరంపురం పట్టుచీర తీసి ఉంచిందన్నావు. వద్దు. మైకు పమిటకి తగిలిస్తారు. నువ్వు కదిలినప్పుడల్లా పట్టు గరగరలాడి ఆ చప్పుడంతా అందులోకి పోతుంది. చేతినిండా గాజులూ అంతే. సన్న గళ్లు, సన్న చారలు తెరమీద చీమలు పాకినట్టు కదులుతాయి. వెనకాల ఆకుపచ్చ గుడ్డ కట్టే స్టూడియో అయితే ఆకుపచ్చ చీర మాయమైపోయి తలకాయొక్కటే గాల్లో తేలుతుంది. ఒక్క రంగు నేతచీర కట్టుకుని, వేరే రంగుది ఇంకొకటి సంచిలో పెట్టుకో.

నీ పేరు, పుస్తకం పేరు, ఊరి పేరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, తెర కింద పేర్లు వేసే కుర్రాడి చేతికే ఇవ్వు. నా పేరు పక్కన భువనేశ్వర్ అని వేశారు. అరగంటా అలాగే ఉంది.

ఇక జవాబులు. నా మొదటి ఇంటర్వ్యూకి పదహారు జవాబులు రాసుకుని బట్టీపట్టాను. యాంకరమ్మ మొదటే ఏడో ప్రశ్న అడిగింది. నా నోటికి మాత్రం మొదటి జవాబే వచ్చింది! ఆపలేక అంతా అప్పజెప్పాను. ప్రసారమైన రోజు మా ఆవిడ చూసి, “ఆ మాటాడుతున్నాయన ఎవరండీ?” అంది. ఇంట్లో “ఏటి”, “నానొస్తన్నాను” అనే మనిషి అక్కడ “తద్వారా”, “తత్ఫలితంగా” అంటూ బిగుసుకుని కూర్చున్నాడు మరి.

గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో మీ పర్లాకిమిడిలోనే బడిపంతులుగా చేరారు. సవరల మాట నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు, ఇటు మన వాడుకమాట కోసం జీవితమంతా పోట్లాడారు. ఆ ఊరి నుంచి వెళ్లి నువ్వు గ్రాంథికం వెలగబెడితే నేనూరుకోను.

అందుకని జవాబులు కాదు, సంగతులు గుర్తుచేసుకుని వెళ్లు. ప్రూఫులు దిద్దినాయన “పఖాళ” అన్న ఒడియా మాట కొట్టేసి “చద్దన్నం” అని రాస్తే, నువ్వు మళ్లీ పఖాళే పెట్టించావు చూడు, అది చెప్పు. ఎందుకు పెట్టించావో కూడా చెప్పు. అలాంటివి మూడుంటే చాలు, ఏ ప్రశ్న ఎటునుంచి వచ్చినా వాటిలో ఒకటి అందుతుంది.

“ఒడిశాలో ఉంటూ తెలుగెలా రాస్తున్నారండీ?” అని తప్పకుండా అడుగుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోంచి గంజాం, కోరాపుట్ అటు వెళ్లాయి, పర్లాకిమిడీ అటే వెళ్లింది. “మేం కదల్లేదు, గీతే కదిలింది” అని నేనూ అన్నాను. స్టూడియోలో అందరూ భేషన్నారు. ఆ తర్వాత నా కథల మీద ఒక్క ప్రశ్న రాలేదు, సరిహద్దు తెలుగువాళ్ల ప్రతినిధినైపోయాను. సమస్యలు లేవనను, తెలుగు బడుల గతి నీకు తెలియంది కాదు. కానీ నిన్ను పిలిచింది కథలకి. రెండు ముక్కల్లో తేదీ చెప్పేసి, పలాస బస్సు బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకునే నీ కథలోని గుంట దగ్గరికి యాంకరమ్మని లాక్కుపో. వాళ్లడిగినదానికి జవాబు ఆ గుంటే. “మీ తెలుగు ఎంత బాగుందండీ” అంటే మాత్రం నవ్వి ఊరుకో.

ఆవిడ నీ పుస్తకం చదివి ఉండకపోవచ్చు. నొచ్చుకోకు, రోజుకి ఎంతమందినని చదువుతుంది? పుస్తకం గురించి ఒక పేజీ ముందే పంపు. నువ్వు మాట్లాడుతుండగా ఆవిడ చూపు ఎటో పోతే, చెవిలో ఎవరో టైమైపోతోందని చెబుతున్నారన్నమాట. కంగారుపడి నువ్వూ అటు చూడకు, కెమెరాలోకీ చూడకు, ఆవిడ మొహం చూసే మాట్లాడు. చదవమంటే నిమిషంలో అయిపోయే పేరా ఒకటి ముందే గడియారం పెట్టి చూసుకో. ఒకవైపే అచ్చువేసిన విడి కాగితం తీసుకెళ్లు, పుస్తకం పేజీలు తిప్పితే మైకు దగ్గర ఈదురుగాలిలా ఉంటుంది.

పలాసలో ముందురోజే రైలెక్కు. తిరుగు టికెట్ మర్నాటికి తీయించుకో, పదకొండుకన్న రికార్డింగు మూడైనా మొదలవ్వదు. దారిలో తినడానికి ఏదైనా కట్టుకో, స్టూడియోలో టీ తప్ప ఏమీ దొరకదు.

ఎప్పుడు వేస్తారో తెలిశాక ఫోన్ చెయ్యి. ఆ సమయానికి మా ఆవిడ సీరియల్ ఉంటే గొడవే.

నీ మాస్టారు