మీ ప్రశ్న – మా సమాధానం: ముందు విగ్రహం, తరువాత పుస్తకం

ప్రశ్న: బీకాం చదివి, అంబత్తూరులో ఒక సంస్థలో లెక్కలు చూస్తున్నాను. ఆధునిక భావాలు, సామాజిక సమస్యలు, కళ, ఈ మూడింటినీ పద్ధతిగా చదవాలని ఉంది. తమిళం మాట్లాడతాను కానీ చదవడం నెమ్మది. ఏదైనా కోర్సులో చేరమంటారా? ముందు తత్వశాస్త్రం చదివి, తరువాత కళల వైపు రావాలా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: ఉద్యోగంలో పై మెట్టుకు పట్టా అవసరమైతే చేరండి; గడువులూ తోటి విద్యార్థులూ లేనిదే చదువు సాగని స్వభావం మీదైనా చేరండి. ఆ రెండూ కాకపోతే తొందర లేదు.

మీ రెండో ప్రశ్నే ముఖ్యమైనది. సిద్ధాంతాలన్నీ ముగించి, ఆపైన వాటికి ఉదాహరణలుగా బొమ్మలనూ పాటలనూ చూద్దామనుకునేవారు చాలామంది సిద్ధాంతాల దగ్గరే ఆగిపోతారు. ముందుకు వచ్చినవారికి సైతం ప్రతి బొమ్మలోనూ తాము చదివిందే కనిపిస్తుంది. కాబట్టి మీ ఊళ్లోని ఒక కళాఖండంతో మొదలుపెట్టి, అది లేవనెత్తే ప్రశ్నలను పట్టుకుని పుస్తకాల్లోకి వెళ్లండి.

మెరీనాలోని శ్రామికుల విగ్రహాన్నే తీసుకోండి. మద్రాసు చిత్ర, శిల్పకళల పాఠశాలకు దాదాపు మూడు దశాబ్దాలు అధిపతిగా ఉన్న దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ఈ శిల్పాన్ని 1959లో గణతంత్ర దినోత్సవానికి ముందురోజు ప్రతిష్ఠించారు. నలుగురు మనుషులు ఒక బండరాయిని కదిలించడానికి ఒంట్లోని బలమంతా కూడగట్టి నెడుతుంటారు. అక్కడికి కొద్ది దూరంలోనే గుర్రం మీద, ఒకప్పటి మద్రాసు గవర్నరు మన్రో దొర విగ్రహం ఉంది. రాయలసీమలో పిల్లలకు పేరుగా పెట్టుకునేంత అభిమానం పొందిన మనిషే అనుకోండి. ఒక చోట పేరున్న పాలకుడు, మరొక చోట పేరులేని కూలీలు. ఈ రెండింటి మధ్య నగరపు ఆలోచనలో ఏం మారిందన్నది మీ మొదటి ప్రశ్న కావాలి.

దానికి జవాబు ఆ తీరంలోనే కొంత దొరుకుతుంది. కార్మిక నాయకుడు సింగారవేలు 1923లో దేశంలోనే మొదటిసారి మే దినోత్సవాన్ని జరిపింది ఈ సముద్రపు ఒడ్డునే. అంతకు ఐదేళ్ల ముందు, 1918లో, మీ పెరంబూరు బకింగ్‌హామ్ – కర్ణాటిక్ బట్టల మిల్లుల కార్మికుల కోసం మద్రాసు కార్మిక సంఘం ఏర్పడింది. అయితే 1921 సమ్మెలో ఆదిద్రావిడ (దళిత) కార్మికులు చాలామంది పనిలోకి తిరిగి వెళ్లడంతో, సమ్మెలో ఉన్నవారికీ వారికీ మొదలైన తగవు పులియాంతోపులో గుడిసెలు తగలబడేదాకా వెళ్లింది. ఎం.సి. రాజా వంటి నాయకులు ఆ కార్మికుల పక్షాన నిలిచారు. శిల్పంలో నలుగురూ ఒకే రాయిని నెడుతున్నారు. మిల్లులో మాత్రం ఆ ఐక్యత నిలవలేదు. ఈ తేడాను గమనించాక అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’ చదవండి, తెలుగులో దొరుకుతుంది. కులం పనిని మాత్రమే కాదు, పనివాళ్లనే విభజిస్తుందని ఆయన చేసిన వాదన మీకప్పుడు మీ వీధి సంగతిగా అర్థమవుతుంది. అది 1936లో లాహోరులో చదవవలసిన ప్రసంగం. నిర్వాహకులు సభను రద్దు చేయడంతో ఆయనే అచ్చు వేయించారు. తరువాతి కూర్పులో గాంధీ విమర్శనూ దానికి తన జవాబునూ చేర్చారు కనుక, అవతలివారి మాటను పక్కన ఉంచుకుని వాదించడం ఎలాగో కూడా నేర్చుకోవచ్చు. పది నిమిషాల యూట్యూబ్ సారాంశాలు ఇవ్వలేనిది సరిగ్గా ఇదే.

తమిళం నెమ్మదిగా చదవడం పెద్ద అడ్డంకి కాదు. ఎగ్మూరులో 1896 నుంచి ఉన్న కన్నెమరా గ్రంథాలయం దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం చేరవలసిన గ్రంథాలయాల్లో ఒకటి. అక్కడ తెలుగు పుస్తకాలు చదువుకోవచ్చు. ఆ మిల్లు సమ్మె జరిగిన మరుసటి ఏడు వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం కొంతకాలం నిషేధించిందని గుర్తుపెట్టుకుని ఆ నవలను మళ్లీ చదవండి. మరొక్క మాట: విగ్రహంలో ఆడమనిషి లేదు. ఆడకూలీల శ్రమ ఆ శిల్పంలోకి ఎందుకు రాలేదన్న ప్రశ్నతో మీరు ఇంకో ఏడాది చదువుకోవచ్చు.

ప్రశ్న: ఈమధ్య చోళమండలం చిత్రకారుల గ్రామానికి వెళ్లి వచ్చాం. కె.సి.ఎస్. పణిక్కర్ గారి చిత్రాల్లో అక్షరాలూ జాతక చక్రాలూ ఉన్నాయి గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. లోపం మాదా?
– ఒక పాఠకుడు, చూళైమేడు, చెన్నై

సమాధానం: లోపం మీది కాదు. 1963 నుంచి ఆయన వేసిన ఆ వరుసలోని రాత మలయాళాన్ని తలపిస్తుంది కానీ మలయాళీలు కూడా దాన్ని చదవలేరు. మన పంచాంగాలూ తాళపత్రాలూ కంటికి ఎలా ఉంటాయో ఆ రూపాన్ని తీసుకుని, అందులోని సమాచారాన్ని వదిలేశారాయన. పడమటి నూనెరంగుల పద్ధతిని అనుకరించకుండా, పాత పురాణ దృశ్యాలకూ తిరిగి వెళ్లకుండా, ఇక్కడి చిత్రకారుడు ఆధునికంగా ఎలా ఉండాలన్న అప్పటి మద్రాసు చిత్రకారుల తగవుకు ఇది ఆయన ఇచ్చిన జవాబు. నాకు ఆ జవాబు అన్ని చిత్రాల్లోనూ నచ్చదు; కొన్నింటిలో అలంకారం మిగిలి, ఆలోచన పలచబడుతుంది.

కానీ ఆ గ్రామం కథను వదలకండి. 1966లో ఆయనా, శిష్యులూ, సహచరులూ కలిసి ఇంజంబాక్కంలో స్థలం కొని, బాతిక్ అద్దకం వంటి చేతిపనులు అమ్ముకుంటూ చిత్రాలు వేసుకున్నారు. కొనేవారి ఇష్టానికి తలవంచకుండా బొమ్మ వేయాలంటే పూట గడిచే దారి వేరే ఉండాలన్నది వారి లెక్క. ఈసారి వెళ్లినప్పుడు, చిత్రాల కంటే ముందు చేతిపనుల దుకాణం చూడండి.