ఎక్కలేని కొండ ఎంత దూరం?

అల్లుడూ,

ఆశీస్సులు. గుత్తి దగ్గర పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. చదును నేల, మధ్యలో ఒంటి కొండలు, ఎటు తిరిగినా కనబడే కోట. చూపుతో దూరం చెప్పడం నేర్చుకోవడానికి సర్వేయర్‌కి అంతకంటే మంచి చోటు దొరకదు.

రోవర్ (నిలబెట్టిన చోటు ఎక్కడుందో ఉపగ్రహాలతో చెప్పే కర్ర) చేతిలో ఉండగా ఇదంతా ఎందుకు మావా అంటావేమో. రోవర్ చెప్పేది అది నిలబడ్డ చోటు సంగతి. నువ్వు ఎక్కలేని కొండ కొమ్ము సంగతి అది చెప్పదు. పైగా స్క్రీన్ మీద తప్పు అంకె పడ్డప్పుడు "ఇదేంటి, తేడాగా ఉందే" అని ముందు అనాల్సింది నీ కన్నే. ఆ కన్ను తయారవ్వాలి.

కన్ను ఎక్కడ మోసపోతుందో ముందు తెలుసుకో. వాన వెలిసిన పూట కొండ దగ్గరికి జరిగినట్టుంటుంది, బండల మధ్య పొదలు కూడా విడివిడిగా కనబడతాయి. దుమ్ము లేచే ఎండాకాలంలో అదే కొండ దూరం పోతుంది. మధ్యలో వంక ఉంటే ఆ పల్లపు నేల మనకి కనబడదు, కాబట్టి మనసు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. చెరువు అవతలి గట్టు ఎప్పుడూ ఉన్నదానికంటే దగ్గరే అనిపిస్తుంది. సున్నం కొట్టిన గుడి కూడా అంతే. ఇక ఊళ్లో ఎవర్నడిగినా "కూతవేటు దూరమే" అంటారు, అది నమ్మి నీళ్ల సీసా లేకుండా బయల్దేరకు.

నేషనల్ హైవే 44 మీద కిలోమీటరు రాళ్ల మధ్య 200 మీటర్లకొక చిన్న రాయి ఉంటుంది. ఒక రాయి దగ్గర నిలబడి తర్వాతి దాన్ని బాగా చూడు. ఆ 200 మీటర్లు కంట్లో నిలిచిపోవాలి. అప్పుడు పొలంలో కూడా దాన్నే మూడు నాలుగుసార్లు పరిచి చూసుకోవచ్చు. అంతకు మించి దూరమైతే ఈ పద్ధతి పనికిరాదు, నేల అణిగిపోయి కనబడుతుంది.

అప్పుడు స్కేలు తియ్యి. దానికి 57 సెంటీమీటర్ల దారం కట్టు, కొసని పళ్లతో పట్టుకుని స్కేలు ముందుకి చాచు. ఇప్పుడు స్కేలు మీద ఒక సెంటీమీటరు అంటే ఒక డిగ్రీ. 8 మీటర్ల కరెంటు స్తంభం సుమారు ఆరున్నర మీటర్లు నేల పైన ఉంటుంది. అది స్కేలు మీద సరిగ్గా ఒక సెంటీమీటరు వచ్చిందనుకో, ఆరున్నరని 57తో గుణించు: 370 మీటర్లు. ఎత్తు తెలిసిన ఏ వస్తువుకైనా ఇదే లెక్క. క్వారీలో బ్లాస్టింగ్ చేస్తుంటే ఇంకా సులువు. దుమ్ము లేవగానే సెకన్లు లెక్కపెట్టు, చప్పుడు వినబడేసరికి ఎన్నయ్యాయో మూడుతో భాగించు, కిలోమీటర్లు వచ్చేస్తాయి.

ఇక అసలు సంగతి బేస్‌లైన్. రెండు చోట్ల నిలబడి, రెంటి నుంచీ కొండ ఏ కోణంలో ఉందో కంపాస్‌తో చూస్తే ఒక త్రిభుజం వస్తుంది, దాన్నించి కొండ దూరం లెక్కగట్టొచ్చు. ఆ రెండు చోట్ల మధ్య నువ్వు కొలిచిన దూరమే బేస్‌లైన్. ఎక్కువమంది కోణం మీద ప్రాణం పెట్టి బేస్‌లైన్ని తేలిగ్గా తీసుకుంటారు. 10 కిలోమీటర్ల అవతలి కొండకి 200 మీటర్ల బేస్‌లైన్ పెట్టావనుకో, కొండ దగ్గర కోణం ఒక డిగ్రీకి కాస్త పైన. అందులో అర డిగ్రీ తప్పితే లెక్కలో 7 కిలోమీటర్లూ రావచ్చు, దాదాపు 18 కూడా రావచ్చు. అదే కిలోమీటరు బేస్‌లైన్ అయితే ఆ అర డిగ్రీ తప్పుకి తేడా దాదాపు ఒక కిలోమీటరే. రెండు కిలోమీటర్లు దొరికితే ఇంకా మేలు. కొండకి అడ్డంగా పోయే తిన్నని రోడ్డు వెతుక్కో.

1802లో విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సర్వే అధికారి మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల బేస్‌లైన్‌ని గొలుసుతో కొలిపించాడు. అక్కడ మొదలైన త్రిభుజాల సర్వేయే చివరికి హిమాలయాలదాకా పోయింది. వంద మైళ్ల పైచిలుకు దూరం నుంచి చూసి, దగ్గరికి పోకుండానే, ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని లెక్కగట్టి 1856లో ప్రకటించారు. ఇప్పటి కొలత 8,848.86 మీటర్లు, అంటే తేడా ముప్పై అడుగులే. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మన వృత్తి ఘనత అది.

లెక్కలు వెయ్యకుండా దూరం తెలిసే కిటుకు ఒకటుంది. రోడ్డుకీ కొండకీ మధ్య కోణం 30 డిగ్రీలు ఉన్నచోట గుర్తు పెట్టుకుని ముందుకి నడువు. కోణం 60 అయిన చోట ఆగు. నువ్వు ఎంత నడిచావో, అక్కణ్ణుంచి కొండ అంత దూరం. ఎందుకలా వస్తుందో కాగితం మీద గీసి చూసుకో.

కంపాస్ చూసేటప్పుడు బైకు దూరంగా పెట్టు. హైవే పక్కన ఇనప రెయిలింగ్ ఉంటుంది, దానికీ దూరం జరుగు. మధ్యాహ్నం ఎండమావులు ఆడుతున్నప్పుడు కొండ అంచు వణుకుతుంది, ఆ వేళ రీడింగ్ తియ్యకు. ప్రతి రీడింగ్‌కి ముందు నీ అంచనా నోట్‌బుక్‌లో రాసుకో. కొలిచాక రాస్తే అంచనా కొలతవైపే వంగిపోతుంది.

రెండు బేరింగులతో (బేరింగ్ అంటే ఉత్తరం నుంచి కొండ ఎన్ని డిగ్రీల్లో ఉందో కంపాస్ చెప్పే అంకె) ఆగకు. ఇంకో చోటు నుంచి మూడోది తియ్యి. మ్యాప్ మీద మూడు గీతలూ ఒక్కచోట కలవవు, మధ్యలో చిన్న త్రిభుజం పడుతుంది. అది ఎంత చిన్నగా ఉంటే పని అంత గట్టిది. కోట బురుజుకి మూడు బేరింగులు తీసి, గీసిన కాగితం ఫోటో నాకు వాట్సాప్‌లో పంపు. మీ అత్త కళ్లజోడు పెట్టుకునైనా చూస్తాను.

మీ మావయ్య