ఉప్పునీటి అక్వేరియం: ఫ్రోజెన్ ఆహారంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఇంట్లో 300 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక ఎల్లో టాంగ్, నాలుగైదు క్రోమిస్ చేపలు, హ్యామర్, బ్రెయిన్ అనే రెండు కోరల్స్ (పగడపు జీవులు) ఉన్నాయి. ఇంతకాలం ఫ్రోజెన్ క్యూబులు, అంటే గడ్డకట్టించి అమ్మే ఆహారపు ముక్కలు, కొని వేసేవాణ్ణి. ఈమధ్య రొయ్యలు, చేప, స్క్విడ్ కలిపి మిక్సీలో మెత్తగా రుబ్బి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి వేస్తున్నాను. వేసిన ప్రతిసారీ నీళ్ళు పాలలా తెల్లబడుతున్నాయి. నైట్రేట్ పెరిగింది, అద్దాలకు నాచు పడుతోంది. ఇంట్లో చేసిన ఆహారం మానేయమంటారా?

జవాబు: మానేయనక్కరలేదు. మీరు ఎంచుకున్న పదార్థాలు మంచివే. వాటిని మెత్తగా రుబ్బడం వల్లనే ఈ ఇబ్బంది వచ్చింది. ముద్దగా నూరిన మాంసంలో కణాలన్నీ చితికిపోయి ఉంటాయి కాబట్టి, అది ట్యాంకులో కరగగానే సగానికి సగం ఏ చేప నోటికీ అందనంత సన్నటి పొడిగా, రసంగా మారి నీటిలో కలిసిపోతుంది. అలా కలిసిన ప్రొటీన్ కుళ్ళి అమోనియాగా, అమోనియా బాక్టీరియా పనివల్ల నైట్రైట్‌గా, చివరికి నైట్రేట్‌గా మారుతుంది.

ఇది ఎంత పెద్ద విషయమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. పచ్చి రొయ్య మాంసంలో సుమారు అయిదో వంతు ప్రొటీన్ ఉంటుంది. ప్రొటీన్ బరువులో దాదాపు 16 శాతం నైట్రోజన్. అంటే 100 గ్రాముల రొయ్య మాంసంలో 3.2 గ్రాముల నైట్రోజన్ ఉంటుంది, అది పూర్తిగా నైట్రేట్‌గా మారితే 14 గ్రాములు అవుతుంది. మీ 300 లీటర్ల ట్యాంకులో అది లీటరుకు 47 మిల్లీగ్రాములు! చేపలు తిన్న ఆహారంలోని నైట్రోజన్ కూడా చాలావరకు మొప్పల ద్వారా అమోనియాగా నీటిలోకే తిరిగి వస్తుందన్నది నిజమే. అయితే అది ఒక ప్రాణికి బలమిచ్చి, దాని ఒంట్లో కొంత మిగిల్చి వచ్చేది. ఎవరి నోటికీ అందని రసం మొదటినుంచీ నాచుకు ఎరువు మాత్రమే. ఇంట్లో ఆహారం తయారు చేసేటప్పుడు కడగడం, కోయడం, గడ్డకట్టించడం, కరిగించడం అనే ప్రతి పనినీ, తిండి నీటిలోకి పోకుండా నోట్లోకి వెళ్ళేలా చేయాలన్న ఒక్క దృష్టితో చూసుకుంటే మీ సమస్యలో ఎక్కువ భాగం తీరిపోతుంది.

కొనేటప్పుడే మొదలుపెడదాం. మనుషుల కోసం ప్యాక్ చేసి అమ్మే రొయ్యలకూ, స్కాలప్ అనే గుల్ల మాంసానికీ కొన్నిసార్లు సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ పట్టిస్తారు. మాంసం నీటిని పట్టి ఉంచి, నిగనిగలాడుతూ కనిపించడానికి ఇలా చేస్తారు. నాచుకు ఎరువయ్యే ఫాస్ఫేట్‌ను ట్యాంకులో తగ్గించడానికి తంటాలు పడే మనం దాన్ని మన చేతులతోనే కలపడం సరికాదు. ప్యాకెట్ మీద పదార్థాల పట్టికను చదివి, రొయ్యలు తప్ప మరేమీ లేనివాటినే తీసుకోండి. ఉప్పు, మసాలా, నూనె, నిలవ ఉంచే రసాయనాలు ఏవీ ఉండకూడదు. కోడి, పశువుల మాంసం వద్దు. వాటి కొవ్వు ట్యాంకు నీటి వేడిమికి గట్టిపడుతుంది, సముద్రపు చేపలకు అది సరిగా అరగదు.

ఒకే పదార్థంతో సరిపెట్టుకోకండి. కొన్ని రకాల చేపల్లోనూ, గుల్లల్లోనూ థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, పైగా గడ్డకట్టించినంత మాత్రాన నశించదు. వేడి తగిలితేనే పోతుంది. ఆ రకాలనే నెలల తరబడి వేస్తే చేపలకు విటమిన్ లోపం వస్తుంది. రొయ్య, స్క్విడ్, తెల్లటి చేప మాంసం, గుల్ల మాంసం కలిపి వాడితే ఈ ప్రమాదం తగ్గుతుంది. ట్యాంకులో క్లీనర్ రొయ్యల వంటివి ఉంటే మరొక జాగ్రత్త కూడా అవసరం. చెరువుల్లో పెంచిన రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల వైరస్ ఫ్రీజర్ చలికి చావదు. చేపలకు దానివల్ల హాని లేదు గాని, ట్యాంకులోని రొయ్యలకూ పీతలకూ అది సోకవచ్చు. అలాంటి ట్యాంకుకు రొయ్యలను బాగా ఉడికించి, చల్లార్చి వాడడం మేలు.

మీ ఎల్లో టాంగ్ ప్రధానంగా నాచు మేసే చేప. దాని కోసం ఉప్పూ నూనే లేని నోరి అనే ఎండు సముద్రపు నాచును చిన్న ముక్కలుగా చింపి మిశ్రమంలో చేర్చండి. అంతమాత్రంతో దాని కడుపు నిండదు కనుక రోజూ ఒక నోరి ముక్కను క్లిప్పుతో అద్దానికి తగిలించడం కూడా కొనసాగించండి.

ఇక కోత సంగతి. మిక్సీని పక్కన పెట్టి, మాంసాన్ని ఫ్రీజర్‌లో కొద్దిసేపు ఉంచి, సగం గట్టిపడ్డాక పదునైన కత్తితో కోయండి. అలా గట్టిపడిన మాంసం చితకకుండా, అంచు తేరి తెగుతుంది. రసం కారడం కూడా తక్కువ. క్లౌన్ చేపకు, క్రోమిస్‌కు ఆవగింజంత నుంచి బియ్యపు గింజంత ముక్కలు చాలు. చేప కంటికన్నా పెద్ద ముక్క వేయకూడదని గుర్తుంచుకుంటే కొలత తప్పదు. క్రోమిస్ పెద్ద ముక్కను నోట కరుచుకుని ఈదుతూ, నమలలేక ఉమ్మివేస్తుంది. ఆ ముక్క రాళ్ళ వెనక పడి అక్కడే కుళ్ళుతుంది. కోసిన ముక్కలను సన్నటి జల్లెడలో వేసి, చల్లటి ఆర్‌ఓ నీటితో ఒక్కసారి కడిగి, నీరంతా ఓడిపోయేదాకా ఉంచండి. కడిగినప్పుడు కిందికి దిగే గులాబీరంగు నీటిని తెల్లటి గిన్నెలో పట్టి చూడండి. ఇంతకాలం మీ ట్యాంకును తెల్లబరిచినది అదే.

గడ్డకట్టించడంలో వేగం ముఖ్యం. మాంసంలోని నీరు ఎక్కువ భాగం మైనస్ 1 నుంచి మైనస్ 5 డిగ్రీల మధ్య మంచుగా మారుతుంది. ఈ దశ నిదానంగా సాగితే మంచు స్ఫటికాలు పెద్దవిగా పెరిగి కణాల పొరలను చీల్చుతాయి, కరిగించినప్పుడు రసమంతా బయటికి కారిపోతుంది. త్వరగా దాటితే స్ఫటికాలు చిన్నవిగా ఉండి, ముక్క ముక్కలాగే నిలుస్తుంది. అందుకే మిశ్రమాన్ని డబ్బాలో ముద్దగా కుక్కకుండా, జిప్ కవరులో అర సెంటీమీటరు మందాన పలచగా పరిచి, గాలిని నొక్కి తీసేసి, ఫ్రీజర్‌లో లోహపు పళ్ళెం మీద అడ్డంగా పెట్టండి. సగం గట్టిపడ్డప్పుడు కవరు పైనుంచే స్కేలు అంచుతో చతురస్రాలుగా గీతలు నొక్కితే, తరువాత ఒక పూటకు సరిపడా ముక్కను సులువుగా విరుచుకోవచ్చు. అగర్ అనే, సముద్రపు నాచు నుంచి తీసిన జిగురు పదార్థం కలిపి మిశ్రమాన్ని పట్టి ఉంచేవారున్నారు. అగర్ గట్టిపడ్డాక 80 డిగ్రీలు దాటితే గాని కరగదు కాబట్టి ట్యాంకులో విడిపోదు. అయితే ముక్కలు కోసి, కడిగి చేసిన మిశ్రమానికి అది అవసరమని నేను అనుకోను.

కవరు మీద తేదీ రాయండి. మైనస్ 18 డిగ్రీల దగ్గర కూడా కొవ్వులు ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా చెడుతూనే ఉంటాయి, విటమిన్ల బలం తగ్గుతూ ఉంటుంది. రెండు మూడు నెలల్లో అయిపోయేంతే చేసుకోవాలి. అంచులు పసుపురంగుకు తిరిగినా, ముతక నూనె వాసన వేసినా పారేయవలసిందే.

ప్రశ్న: ఫ్రోజెన్ క్యూబును నేరుగా ట్యాంకులో వేయవచ్చా, కరిగించి వేయాలా? కరిగిన నీటిని పారబోస్తే ఫాస్ఫేట్ సమస్య పోతుందని కొందరు, పోదని కొందరు అంటున్నారు. వేడినీటిలో వేస్తే త్వరగా కరుగుతుంది కదా?

జవాబు: నేరుగా వేయకండి. గడ్డగా ఉన్న క్యూబు తేలుతూ పోయి ఓవర్‌ఫ్లోలో (ట్యాంకు నీరు బయటికి పోయే దారిలో) పడుతుంది. ఆబగా వచ్చిన చేప మంచుముక్కనే మింగుతుంది. ఒక కప్పు ట్యాంకు నీటిలో వేసి పది పదిహేను నిమిషాలు ఉంచితే చాలు. వేడినీరు, మైక్రోవేవ్ రెండూ వద్దు. పై పొర ఉడికి, లోపల గడ్డ అలాగే ఉంటుంది, వేడికి తట్టుకోలేని విటమిన్లు నశిస్తాయి.

ఫాస్ఫేట్ విషయంలో రెండో మాట అన్నవారితో నేను ఏకీభవిస్తాను. ఆహారంలోని ఫాస్ఫరస్ ఎక్కువ భాగం మాంసంలోనే బంధించబడి ఉంటుంది. కరిగిన నీటితో పోయేది అందులో చిన్న వాటా. క్యూబును ఎంత కడిగినా, రెండు క్యూబులు వేయవలసిన చోట నాలుగు వేస్తే ఫాస్ఫేట్ పెరగక మానదు. ఇంట్లో కోసిన మాంసాన్ని కడగమన్నది వేరే కారణానికి, అక్కడ చితికిన కణాల రసం చాలా ఎక్కువ. కొన్న మైసిస్ (రొయ్యను పోలిన చిన్న ప్రాణి) క్యూబు విషయంలో అయితే, కరిగిన నీరు మురికిగా, నలిగిన తోకలతో, పొడితో నిండి ఉంటే వడకట్టి పారబోయండి. తేటగా ఉండి, ముక్కలు నిండుగా కనిపిస్తే వడకట్టకపోయినా నష్టం లేదు. ఆ నీటి రంగు క్యూబు నాణ్యతను కూడా చెబుతుంది. దారిలో ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిన సరుకులో మైసిస్ శరీరాలు మెత్తబడి, తలలు ఊడి ఉంటాయి. అలాంటిదాన్ని వాడకండి.

ప్రశ్న: కోరల్స్‌కు వెలుతురు చాలునని, ఆహారం వేయనక్కరలేదని విన్నాను. వేయాలంటే ఏది, ఎప్పుడు, ఎలా వేయాలి?

జవాబు: చాలా కోరల్స్ కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఉంటాయి. అవి వెలుతురులో తయారు చేసిన చక్కెరలు కోరల్‌కు శక్తినిస్తాయి. అయితే శక్తి ఒక్కటే చాలదు. కణజాలం పెరగడానికి నైట్రోజన్, ఫాస్ఫరస్ కావాలి, వాటిని సముద్రంలో కోరల్ పట్టుకుతినే సూక్ష్మప్రాణుల నుంచి కూడా పొందుతుంది. ట్యాంకులో చేపలు బాగా ఉండి, వాటికి రోజూ ఆహారం పడుతుంటే, అక్రోపోరా వంటి చిన్న పాలిప్ కోరల్స్‌కు (పాలిప్ అంటే కోరల్‌లో నోరు ఉన్న ఒక్కో చిన్న జీవి) ప్రత్యేకంగా వేయకపోయినా గడుస్తుంది. వేయదలిస్తే ముక్కలు వాటికి పనికిరావు. రోటిఫర్లు, సైక్లాప్స్ వంటి అతి చిన్నవే వాటి నోట పడతాయి. నారింజరంగు సన్ కోరల్‌లో ఈ శైవలాలు ఉండవు కాబట్టి, దానికి పాలిప్ పాలిప్‌కూ వేయగల ఓపిక లేనివారు దాన్ని తెచ్చుకోకూడదు.

పెద్ద పాలిప్ ఉన్న బ్రెయిన్, హ్యామర్ వంటి కోరల్స్‌కు వారానికి ఒకటి రెండుసార్లు మైసిస్ గాని, బియ్యపు గింజంత రొయ్య ముక్క గాని సరిపోతుంది. దీపాలు ఆరిన తరువాత బ్రెయిన్ కోరల్‌ను జాగ్రత్తగా చూడండి. పగలంతా ఉబ్బి నున్నగా ఉన్న దాని అంచు వెంబడి పొట్టి టెంటకిల్స్, అంటే ఆహారం పట్టే మీసాల వంటి తంతువులు, పైకి లేస్తాయి. అప్పుడు నీటిని తిప్పే రిటర్న్ పంపునూ, అలలు పుట్టించే వేవ్ మేకర్‌నూ పది పదిహేను నిమిషాలు ఆపి, పొడవైన పిప్పెట్‌తో ముక్కను వాటి మీద మెల్లగా వదలండి. టెంటకిల్స్ ముక్కను పట్టి లోపలికి వంచుతాయి, నడుమ సన్నటి గీతలా ఉన్న నోరు తెరుచుకుంటుంది, ముక్క నింపాదిగా లోపలికి దిగిపోతుంది. ఈ పనికి చాలా నిమిషాలు పడుతుంది. ఆలోగా క్లీనర్ రొయ్య వాసన పట్టి వచ్చి, కోరల్ నోట్లోంచే ముక్కను లాక్కుపోతుంది. ముందుగా దానికి మరో మూలన కాస్త ఆహారం వేయడమో, కోరల్ మీద కాసేపు చిల్లులున్న ప్లాస్టిక్ కప్పు బోర్లించడమో చేయాలి. కోరల్ మరునాడు ముక్కను గోధుమరంగు జిగురుతో కలిపి ఉమ్మివేస్తే, అది పెద్దదయిందనో, ఎక్కువయిందనో అర్థం. తరువాతిసారి సగం వేయండి. ఆపిన పంపులను మళ్ళీ వేయడం మరిచిపోకుండా టైమర్ పెట్టుకోవడం అవసరం.

ప్రశ్న: మా చేపలు బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి చిన్న రొయ్య వంటి ప్రాణి) తప్ప మరేదీ ముట్టవు. అదొక్కటే వేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఎదిగిన బ్రైన్ ష్రింప్‌లో డీహెచ్‌ఏ అనే కొవ్వు ఆమ్లం దాదాపు ఉండదు, సముద్రపు చేపలు దాన్ని తమంతట తాము తగినంత తయారు చేసుకోలేవు. కొత్త చేపకు తిండి అలవాటు చేయడానికి బ్రైన్ ష్రింప్ చాలా మంచిది, అక్కడితో ఆగిపోవడమే పొరపాటు. అదే కప్పులో మూడొంతుల బ్రైన్ ష్రింప్‌కు ఒక వంతు సన్నగా కోసిన మైసిస్ కలిపి వేస్తూ, అవి తినడం మొదలుపెట్టిన కొద్దీ పాళ్ళు మార్చుకుంటూ రండి. కరిగించిన ఆహారాన్ని ట్యాంకులో వేయడానికి ముందు, దాని మీద రెండు చుక్కల విటమిన్, కొవ్వు ఆమ్లాల ద్రావణం వేసి కొన్ని నిమిషాలు నాననిస్తే ఇంకా మంచిది. వెల్లుల్లి రసం చుక్క కలిపితే కొన్ని చేపలు ఆసక్తి చూపుతాయి గాని, చేపలకు పరాన్నజీవి వల్ల వచ్చే తెల్లమచ్చల జబ్బును అది నయం చేస్తుందని నమ్మి చికిత్స ఆలస్యం చేయకండి.

ప్రశ్న: కరెంటు పోయి ఫ్రీజర్‌లోని ఆహారం కరిగింది. మళ్ళీ గడ్డకట్టించి వాడవచ్చా?

జవాబు: అంచులు మెత్తబడినా లోపల మంచు ఇంకా గట్టిగా ఉంటే, తిరిగి గడ్డకట్టించి, ముందుగా దాన్నే వాడి ముగించండి. పూర్తిగా కరిగిపోయి ఉంటే మాత్రం పారేయండి. గడ్డకట్టించడం వల్ల బాక్టీరియా చావదు, పెరగడం ఆగుతుందంతే. కరిగిన గంటల్లో అది విపరీతంగా పెరిగి ఉంటుంది, చితికిన కణాల రసం కూడా కవరు అడుగున చేరి ఉంటుంది. రెండోసారి గడ్డకట్టించినప్పుడు చూడడానికి మునుపటి లాగే కనిపిస్తుంది కాబట్టి, అలా కరిగిన కవర్లను ఆ రోజే తీసేయండి, మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టి తరువాత చూద్దామనుకోకండి.